మేనేజరుగారి వానాకాలం

ఆ వానాకాలం మా కేంద్రంలో మొత్తం ఎనిమిది వందల పన్నెండు మిల్లీమీటర్ల వాన పడింది. మా ఇంట్లో నలభై ఒక్క వాంతులు పడ్డాయి. రెండింటి లెక్కా నా చేతిరాతతోనే ఉంది. మొదటిది పై ఆఫీసుకి పంపించాను. రెండోది నా దగ్గరే ఉంచుకున్నాను.

నేను వాతావరణ కేంద్రంలో పరిశీలకుణ్ణి. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి, ముప్పై ఒక్క ఏళ్ళుగా పొద్దున్న ఎనిమిదిన్నరకి వర్షమాపకం మూత తీసి, అందులో చేరిన నీళ్ళు గాజు కొలపాత్రలోకి వంచి, అంకె రాసుకుంటున్నాను. “దేవుడు ఎన్ని చెంబులు గుమ్మరించాడో లెక్కపెట్టే ఉద్యోగం” అనేది మా ఆవిడ. ఆవిడ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

వాంతులు మేనేజరువి. మేనేజరంటే మా పిల్లి. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి పాదాలు, ఏడేళ్ళ వయసు. మా ఆవిడ ఒక సాయంత్రం చేతిసంచిలో కూరగాయల మధ్య పెట్టుకుని తెచ్చింది. వచ్చిన వారానికే అది వంటగట్టు చివర ఎక్కి కూర్చుని, ఎవరేం చేస్తున్నారో కనిపెట్టి చూస్తూ, తను మాత్రం పూచికపుల్ల కూడా కదపకుండా ఉండడంతో ఆ పేరు ఖాయమైపోయింది. పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరితే ఇద్దరూ గుమ్మం దాకా వచ్చేవాళ్ళు. తరవాత ఒక్కరే వచ్చేవారు. ఆ ఒక్కరూ కూడా రాకపోతే ఎలా ఉంటుందో ఆ వానాకాలంలో నేను చాలాసార్లు ఊహించుకోవలసి వచ్చింది.

ఆ యేడు అక్కయ్య తన ఇంటి పైకప్పు మార్పిస్తోంది. పని పూర్తయ్యేదాకా నా దగ్గర ఉంటానని రెండు పెట్టెలతో దిగింది. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసిన మనిషి. దిగిన రోజే ఇల్లంతా ముక్కుతో తనిఖీ చేసింది. ఎక్కడ బూజు వాసన వేస్తే అక్కడి గుడ్డ పీకింది, ఉతికింది, మడతపెట్టి అలమారులో పడేసింది. ఒక్క పూటలో ఇల్లు బోసిపోయింది, శుభ్రంగా కూడా ఉంది. ఆ సాయంత్రమే మొదటి వాన పడింది.

మర్నాడు పొద్దున్న మేనేజరు తిండి తిని, హాల్లోకి వచ్చి, మెడ ముందుకి సాచి, ఒళ్ళంతా అలలాగా కదిలించి, తిన్నదంతా చాప మీద పెట్టింది. పెట్టి, ఏమీ జరగనట్టు కిటికీ దగ్గరికెళ్ళి ఈగని తరమడం మొదలుపెట్టింది.

“ఏదో ఈ ఒక్కరోజేలే,” అన్నాను నేను.

ఒకరోజు కాదు. వారానికి నాలుగు, ఐదు. మధ్యలో తిండికి లోటు లేదు, ఆటకి లోటు లేదు. కక్కడం, మూతి తుడుచుకోవడం, మళ్ళీ పళ్ళెం దగ్గరికొచ్చి నా మొహంలోకి చూడడం.

పదకొండో వాంతి మీద నేను జారాను. ఆఫీసుకి వెళ్ళే హడావిడిలో నడవాలో చూసుకోలేదు. కుడి మణికట్టు బెణికింది. అక్కయ్య గుడ్డ చింపి గట్టిగా కట్టు కట్టింది.

“ఈసారి బెణికింది,” అంది. “నేను వెళ్ళాక విరుగుతుంది. అప్పుడు నిన్నెవరు లేపుతార్రా, నీ మేనేజరా?”

“రోజూ జారతానా అక్కయ్యా.”

“రోజూ అక్కర్లేదు, ఒకసారి చాలు. పిండిమిల్లు ఆయనతో మాట్లాడాను. మిల్లు నిండా ఎలుకలట. పిల్లుంటే ఇమ్మంటున్నాడు. అక్కడ గోదాంలో ఎక్కడ కక్కుకున్నా ఎవరికీ నడుం విరగదు.”

“ఇది జన్మలో ఎలకని పట్టలేదు. ఓసారి ఎలక ఎదురొస్తే పక్కకి జరిగి దారిచ్చింది.”

“నేర్చుకుంటుంది. మా హాస్టలు పిల్లలు నేర్చుకోలేదూ?”

నేను మేనేజరు వైపు చూశాను. అది గట్టు మీద కూర్చుని మా ఇద్దరి మాటా వింటోంది, నిర్ణయం తనే తీసుకోవాలన్నట్టు. అక్కయ్య కోపం వెనకాల ఉన్నది కోపం కాదని నాకు తెలుసు. తను వెళ్ళిపోయాక ఈ ఇంట్లో నేనొక్కణ్ణీ నేల మీద పడి ఉండడం ఆవిడ కళ్ళముందు కనిపిస్తోంది. అందుకే గట్టిగా కాదనలేకపోయాను.

“వానలు వెళ్ళేలోపు తగ్గకపోతే ఇచ్చేద్దాం,” అన్నాను.

“మాటేనా?”

“మాటే. కానీ తగ్గడమంటే ఎంత తగ్గడం? అది చెప్పు.”

“నీ ఆఫీసు బుద్ధి పోనిచ్చుకోవు కదా. సరే. వరసగా ముప్పై రోజులు. ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే బుట్టలోకే.”

*

పశువుల డాక్టరమ్మ చిన్నావిడ, గొంతు మాత్రం పెద్దది. మేనేజరుని తూచింది, నోరు తెరిచి చూసింది, పొట్ట నొక్కింది, నెత్తురు తీసి పరీక్షకి పంపించింది. రెండోరోజు ఫలితాలు చేతిలో పట్టుకుని అంది: “సార్, మీరేమీ అనుకోకపోతే, ఇది మీకంటే ఆరోగ్యంగా ఉంది.”

“మరి వాంతులు?”

“పిల్లి అన్నాక ఎప్పుడో ఒకసారి కక్కుతుంది. ఇంత తరచుగా అంటే మాత్రం ఊరుకోకూడదు. ఎన్నింటికి కక్కుతోంది?”

“పొద్దున్న. ఒక్కోసారి సాయంత్రం.”

“అలా కాదు. తిన్న ఎన్ని నిమిషాలకి? తిన్నది తిన్నట్టే వస్తోందా, పచ్చటి నురగా, వెంట్రుకలా?”

గాలిలో తేమ శాతం అడిగితే నిద్రలో చెప్పగలను. నా ఇంట్లో, నా కాళ్ళ దగ్గర జరుగుతున్నదాన్ని గుడ్డతో తుడవడమే తప్ప ఒక్కనాడూ చూడలేదు.

“మీరేం చేస్తుంటారు సార్?”

చెప్పాను. డాక్టరమ్మ పెద్దగా నవ్వేసింది. “ఇంకేం మరి! రాయండి. ఇంట్లో ఈమధ్య ఏం మారిందో అది కూడా రాయండి. కానీ ఒకటి. నెత్తురు కనబడినా, తిండి మానేసినా, బరువు తగ్గినా, మూల చేరి నీరసంగా పడుకున్నా, పుస్తకం అక్కడ పడేసి పిల్లిని నా దగ్గరికి తెచ్చెయ్యండి.”

ఇంట్లో ఏం మారిందని ఆలోచిస్తూ నడిచాను. మారింది ఒకటే. అది పద్నాలుగు నెలల కిందటి మాట.

*

ఆఫీసులో పాత వర్షపాతం రిజిస్టరు ఒకటి సగం ఖాళీగా ఉంటే తెచ్చుకున్నాను. తేదీ, తిండి పెట్టిన సమయం, వాంతి సమయం, మధ్య నిమిషాలు, రకం, విశేషాలు. అక్కయ్య తొంగిచూసి, “దీనికి పై ఆఫీసరెవరు, సంతకం ఎవరు పెడతారు?” అంది.

డాక్టరమ్మ చెప్పినట్టు నులిపురుగుల మందు వేశాం. రోజూ దువ్వాం. పది రోజులపాటు కొంచెం కొంచెంగా కలుపుతూ తిండి మార్చాం. ఏం లాభం లేదు. అయితే మూడు వారాలయ్యేసరికి రిజిస్టరులో ఒక సంగతి తేలింది. రకం ఎప్పుడూ ఒకటే: తిన్నది తిన్నట్టు, గింజ గింజా విడిగా. సమయం ఎప్పుడూ తిన్న పన్నెండు నిమిషాల లోపే. ఇంకొకటి. మేనేజరు కక్కిన పద్నాలుగు రోజుల్లో పన్నెండు రోజులు వాన పడింది. పొద్దున్న ఆరున్నరకి కక్కితే ఎనిమిదీ తొమ్మిదింటికల్లా వాన. కక్కని రోజు పొడి.

మా ఆఫీసులో పైగాలి కొలవడానికి రోజూ గాలిబుడగ వదిలే సహోద్యోగి ఉన్నాడు. అందరం బెలూన్ మాస్టారు అంటాం. ఆయనకి చూపించాను.

“పీడనం!” అన్నాడు ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి. “గాలి పీడనం పడిపోతే దాని పొట్టలో వాయువు పైకి తన్నుతోందయ్యా. మన బారోమీటరు గంట ఆలస్యంగా చెప్తున్నదాన్ని ఇది ముందే చెప్తోంది!”

చదువుకున్నవాళ్ళం ఇద్దరం కలిసి ఆ మధ్యాహ్నం గ్రాఫు కాగితం మీద రెండు గీతలు గీశాం, ఒకటి పీడనానిది, ఒకటి పిల్లిది. చూడముచ్చటగా ఉన్నాయి.

కబురు గోడ దాటింది. మా పక్కింట్లో లాండ్రీ. దాని యజమానికి వానాకాలమంటే పరీక్షల కాలం. పొద్దున్నే గోడమీంచి తలకాయ పెట్టేవాడు.

“సార్! మేనేజరుగారు కక్కారా?”

“ఇవాళ లేదు.”

“చల్లని కబురు చెప్పారు!” అని బుట్టలకొద్దీ గుడ్డలు దండేలకెక్కించేవాడు. కక్కిందంటే తిట్టుకుంటూ లోపల తాళ్ళు కట్టుకునేవాడు. రెండు వారాలపాటు మా పిల్లి మాట పొల్లుపోలేదు. వీధిలో వాళ్ళు గొడుగు తీసుకెళ్ళాలా వద్దా అని మా గుమ్మంలో ఆగి అడిగేవాళ్ళు. రేడియోలో మా కేంద్రం చెప్పేదాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

నాకు లోపల గర్వంగానే ఉండేది. అక్కయ్య ఒక్క మాటతో దాన్ని దించేసింది. “బాగుందిరా. వాన ఆగితేనే దానికి తగ్గుతుంది. వాన ఆగాక ముప్పై రోజులు మిల్లు ఆయన ఆగడు. అంటే నువ్వు కష్టపడి కనిపెట్టింది ఏమిటి? అది వెళ్ళిపోతుందని.”

నిజమే. నా సిద్ధాంతంలో పిల్లికి వైద్యం లేదు.

డాక్టరమ్మకి గ్రాఫు పట్టుకెళ్ళి చూపించాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చింది. “వాన పడితే పిల్లి కడుపులో ఏమవుతుందో నాకు తెలీదు సార్, నేను చదువుకోలేదు. వాన పడితే మీ ఇంట్లో ఏమవుతుందో చూడండి. ఇది కడుపులోంచి వచ్చే జబ్బులా లేదు. గబగబా మింగుతోంది, అందుకే వెనక్కి వస్తోంది. ఎందుకు మింగుతోంది? ఎవరు తరుముతున్నారు దాన్ని?”

“ఎవరూ తరమరండీ. ఇంట్లో మేమిద్దరమే.”

“మీ అక్కయ్యగారు?”

“ఆవిడ తరిమితే అది ఇంట్లోనే ఉండదు.”

*

నలభయ్యో వాంతి తరవాత సిద్ధాంతం కూలిపోయింది. మూడు రోజులు వరసగా కుండపోత. మూడు రోజులూ మేనేజరు తిన్నది కడుపులోనే ఉంచుకుంది. రెండోరోజే లాండ్రీ ఆయన తడిసి ముద్దై మా గుమ్మంలో నిలబడ్డాడు, భుజం మీద నీళ్ళోడుతున్న దుప్పటితో.

“మీ పిల్లిని నమ్మి నలభై దుప్పట్లు ఆరేశాను సార్! నలభై! ఎవరికి చెప్పుకోను? పిల్లి కక్కలేదండీ అంటే హోటలువాళ్ళు ఊరుకుంటారా?”

“పొరపాటు జరిగింది,” అన్నాను. “మన్నించండి.”

“నాకెందుకు సార్ క్షమాపణ, దానికి చెప్పండి. కక్కమని చెప్పండి!”

అక్కయ్య నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. మేనేజరు గట్టుమీద పడుకుని తోక ఆడిస్తోంది. నాలుగోరోజు కొంచెం తెరిపిచ్చింది. అయిదోరోజు చిన్న చినుకు. ఆ పొద్దున్న కక్కింది. నలభై ఒకటి.

మతి పోయింది నాకు. కుండపోతలో లేనిది చినుకుకెందుకు వచ్చింది? అదే ఆలోచనతో ఆఫీసుకెళ్ళి, కొలపాత్ర బల్ల మీద పెట్టి, కట్టు కట్టిన చేత్తో పెన్ను పట్టుకుని, నిలబడే చూసి అంకె రాశాను. వెనకాలే బెలూన్ మాస్టారు వచ్చి, వంగి, పాత్రలోకి చూశాడు.

“ఆరు కాదయ్యా, నాలుగున్నర. నిలబడి చదివావు. పైనించి చూస్తే నీళ్ళు అబద్ధం చెప్తాయని చేరిన మొదటిరోజే చెప్పారు మనకి. కన్ను నీటిమట్టానికి దించాలి. ముప్పై ఏళ్ళ సర్వీసు, ఇదీ నేను చెప్పాలా?”

అంకె కొట్టేసి సరిగా రాశాను. పెన్ను మూత పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. నేను మేనేజరుని ఎప్పుడూ నిలబడే చూశాను. పళ్ళెం వంగి పెట్టడం, లేవడం, గడియారం చూసుకోవడం. నలభై ఒక్కసార్లూ పైనించే.

సాయంత్రం ఆరింటికి మళ్ళీ చినుకు మొదలైంది. పళ్ళెం దాని చోట పెట్టాను. దాని చోటు వంటగట్టు కింద, గోడ పక్కన. పెట్టి లేవలేదు. మోకాళ్ళ మీద కూలబడి, మోచేతుల మీదికి వంగి, చెంప నేలకి ఆనేదాకా దిగాను. కన్ను పళ్ళెం అంచుకి సమంగా వచ్చింది.

గట్టు కింద గోడలో, నేలకి జానెడు ఎత్తులో, గాలి కోసం పెట్టిన చిన్న జాలీ కిటికీ ఉంది. నిలబడ్డ మనిషికి గట్టు అడ్డం, కనబడదు. ఆ జాలీకి అవతల, వెనక వసారాలో, చూరు కింద, ముక్కు జాలీకి ఆనించి ఒక పిల్లి కూర్చునుంది. గోధుమరంగు, బండ మొహం, ఒక చెవి సగమే ఉంది. దాని కళ్ళు పళ్ళెం మీద ఉన్నాయి. మేనేజరు కళ్ళు దాని మీద ఉన్నాయి. మేనేజరు తినడం లేదు. దోపిడీ దొంగ గుమ్మంలో నిలబడితే నగలు మూటకట్టుకునేవాళ్ళలాగా గింజలు నోట్లో కుక్కుకుంటోంది. నమలడం లేదు.

“ఒరేయ్!” వెనకనించి అక్కయ్య గొంతు. “పడ్డావా? ఎక్కడ తగిలింది?”

“పడలేదు. నువ్వూ రా.”

“ఎక్కడికి?”

“కిందికి.”

అక్కయ్య తిట్టుకుంటూ, గట్టు పట్టుకుని, ఒక మోకాలూ తరవాత ఇంకో మోకాలూ దింపి, నా పక్కన వంగింది. ఇద్దరం అలా చాలాసేపు చూశాం.

“ఈ ఒంటిచెవిగాడా!” అంది. “వాన వచ్చేముందల్లా వచ్చి వసారాలో దూరుతుంది. ఉతికిన గుడ్డల కింద పడుకుంటుంది. మొన్న ఆ కుండపోతలో మన దుప్పట్లు మూడు రోజులు ఇక్కడే తాడుమీద వేలాడాయి కదా, ఎంత తోలినా వాటి వెనకాలే...” అని ఆగిపోయింది.

దుప్పట్లు. జాలీకి అడ్డంగా, నేల దాకా వేలాడిన దుప్పట్లు. ఆ మూడు రోజులూ ఒంటిచెవి మేనేజరుకి కనబడలేదు. వానని ముందే పసిగట్టింది మా మేనేజరు కానేకాదు. ఒంటిచెవి పసిగట్టి చూరు కిందికి చేరేది, మావాడు దాన్ని చూసి మింగేవాడు, కక్కేవాడు. మేమిద్దరు పట్టభద్రులం పీడనానికి గ్రాఫు గీశాం.

“మరి ఇన్నేళ్ళూ ఎందుకు కక్కలేదు?” అంది అక్కయ్య. “ఒంటిచెవి కొత్తది కాదుగా. మీ ఆవిడ ఉన్నప్పుడు కూడా ఇక్కడే తిరిగేది. నేను చూశాను.”

నేను జాలీ పైన చూశాను. అటూ ఇటూ రెండు చిన్న మేకులు, వాటి మధ్య తాడు. తాడు మీద ఏమీ లేదు.

మా ఆవిడ పళ్ళెం పెట్టే ముందు వంగి ఆ తాడు మీద గుడ్డని జాలీకి అడ్డంగా లాగేది. జానెడు గుడ్డ, నీలంరంగుది, అంచుకి తనే కుట్టుకున్న తెల్ల దారం. నేను పేపరు చదువుకుంటూ వేళాకోళం చేసేవాణ్ణి, మీ మేనేజరుగారికి ప్రత్యేకంగా భోజనాల గది కూడానా అని. ఆవిడ నవ్వేది. “తినేవాళ్ళ మొహంలోకి చూడకూడదండీ” అనేది. అంతే. ఇంకో కారణం ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆవిడ పోయాక ఆ గుడ్డ అలా అడ్డంగానే ఉండిపోయింది.

అక్కయ్యకి చెప్పాను. ఆవిడ గట్టు పట్టుకుని నెమ్మదిగా లేచింది. అలమారు తలుపు తీసిన చప్పుడు, మడతలు తిరగేసిన చప్పుడు. తిరిగొచ్చి నీలం గుడ్డ నా చేతిలో పెట్టింది.

“బూజు వాసన వేస్తోందని నేనే తీశాన్రా,” అంది. “వచ్చిన మొదటిరోజే.”

“నీకేం తెలుసు.”

“నీకు తెలుసుగా?”

“నాకూ తెలీదు, అక్కయ్యా.”

గుడ్డ తాడుకి గుచ్చి జాలీకి అడ్డంగా లాగాను. సబ్బు వాసన వేస్తోంది.

*

డాక్టరమ్మకి ఫోన్ చేసి, గుడ్డ కట్టాక ఆ పూట కక్కలేదని చెప్తే అవతలినించి కేక వినిపించింది. “కనిపెట్టేశారుగా సార్! గుడ్డ ఒక్కటే చాలదు. దానికి గబగబా మింగడం అలవాటైపోయింది, మాన్పించాలి. లోతు గిన్నె వద్దు, వెడల్పు పళ్ళెంలో పలచగా పరచండి. రెండుసార్లు పెట్టేది నాలుగుసార్లుగా పంచండి. ఆ రెండోదానికి కూడా దూరంగా ఎక్కడో పెట్టండి, ఆకలేసే కదా అది చూస్తోంది.”

“ఒకటి పోతుందనుకుంటే రెండయ్యాయా!” అంది అక్కయ్య. కానీ మర్నాటికల్లా వంటింటి గోడ మీద కాగితం అతికించి ఉంది. హాస్టల్లో రాసిన అక్షరాలే, కింద గీత గీసి: ఆరున్నర, పదకొండు, నాలుగు, ఎనిమిది. నేను ఆఫీసులో ఉండే రెండు పూటలూ ఆవిడే తీసుకుంది. పెద్ద పళ్ళెంలో గింజల్ని వేళ్ళతో దూరదూరంగా జరిపేది. “వరసలో రావాలి. తోసుకోకూడదు,” అని పిల్లికి చెప్పేది. ఒంటిచెవికి ముందు వసారాలో, మెట్ల పక్కన, ఇంకో పళ్ళెం.

రిజిస్టరులో సున్నా పడింది. మర్నాడు సున్నా. నా ఉద్యోగంలో సున్నాలు రాస్తున్నామంటే కరువని అర్థం. వరసగా సున్నాలొస్తే చెయ్యి భారమవుతుంది. అలాంటిది ఆ నెల నేను ప్రతి సున్నానీ గుండ్రంగా, దిద్ది దిద్ది రాశాను. పది అయ్యాయి. ఇరవై అయ్యాయి. ఇరవై నాలుగో రోజు మేనేజరు ఒక వెంట్రుకల ఉండ కోసం గొంతు సవరించుకుంటే ఇంట్లో ఇద్దరం లేచి నిలబడ్డాం. అది తుమ్మి ఊరుకుంది.

మణికట్టు కట్టు విప్పేశాను. లాండ్రీ ఆయన మాత్రం దిగులు పడ్డాడు. “ఇప్పుడు నాకు వాన సంగతి ఎవరు చెప్తారు సార్?” ఒంటిచెవి ఎటుందో చూసుకోమన్నాను. వసారాలోకి వస్తే గుడ్డలు తియ్యమన్నాను. ఆ సీజను మిగిలిన రోజుల్లో ఆయన ఒక్క దుప్పటి కూడా తడుపుకోలేదు.

*

ముప్పయ్యో రోజు పొద్దున్న ఆరున్నరకి పిండిమిల్లు ఆయన బుట్టతో దిగాడు. ఆ వానాకాలపు చివరి వాన జోరుగా, గాలితో పడుతోంది. మూత సగం తెరిచి ఉన్న బుట్ట మెట్ల పక్కన పెట్టి, గొడుగు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వెనకాల తమాషా చూద్దామని లాండ్రీ ఆయన.

“ఇవాళ్టితో గడువు కదమ్మా,” అన్నాడు మిల్లు ఆయన.

“ఈ పొద్దుటి తిండి దాటితే ముప్పై నిండుతాయి,” అంది అక్కయ్య. పళ్ళెం పెట్టింది. మేనేజరు తలవంచి ఒక గింజ తీసుకుంది, నమిలింది. రెండో గింజ.

అప్పుడు గాలి విసురుగా కొట్టింది. జాలీ మీది తాడు పాతదైపోయింది కాబోలు, తెగింది. నీలం గుడ్డ ఎగిరి పళ్ళెంలో పడింది. జాలీ అవతల, తడిసి సగమైన ఒంటిచెవి. వాన జల్లు ముందు వసారాలోకి కొడుతోందని ఆ పూట వెనక్కి వచ్చేసింది. మేనేజరు వీపు బిగుసుకుంది. గుడ్డ కింద గింజల కోసం తల దూర్చి కుక్కుకోవడం మొదలుపెట్టింది.

నేను వంగేలోపు అక్కయ్య మిల్లు ఆయన చేతిలో గొడుగు లాక్కుంది. లాక్కుని నేలమీద చతికిలబడి, గట్టు కిందికి జరిగి, ఫటాలున గొడుగు విప్పి జాలీకి అడ్డంగా పెట్టింది. మొహం మాత్రం ఇటు, మా వైపు తిప్పుకుంది.

“తిను,” అంది పిల్లితో. “నెమ్మదిగా తిను. నేనూ చూడట్లేదు.”

ఆవిడ మెడ మీద గొడుగు నీళ్ళు కారుతున్నాయి. లాండ్రీ ఆయన ఏదో అనబోతే వేలు చూపించింది, నోరు మూసుకున్నాడు. మేనేజరు తల పైకెత్తింది. గొడుగు నల్లటి గుడ్డని చూసింది. అక్కయ్యని చూసింది. వీపు మీద బొచ్చు మెల్లగా కిందికి వాలింది. ఒక గింజ తీసుకుంది. నమిలింది. ఆ కటుక్కుమన్న చప్పుడు నలుగురికీ వినబడింది.

తినడం అయ్యాక నేను గడియారం చూసుకున్నాను. పన్నెండు నిమిషాలు గడవాలి. ఎవరూ కదలలేదు. మిల్లు ఆయన ఎందుకో టోపీ తీసి పట్టుకున్నాడు. అయిదో నిమిషంలో మేనేజరు నడవాలోకి వెళ్ళింది, వెనకాలే మేమందరం. తొమ్మిదో నిమిషంలో ఆగి, మెడ ముందుకి సాచింది.

“అయిపోయింది,” అని గొణిగాడు లాండ్రీ ఆయన.

మేనేజరు ముందుకాళ్ళు చాచి, వీపు విల్లులా వంచి, నోరంతా తెరిచి ఆవలించింది. తరవాత నా కాళ్ళమీదనించి నడిచి వెళ్ళి, గట్టెక్కి, చివరన కూర్చుని, పాదం నాక్కుంది. పదమూడో నిమిషం. పదిహేనో నిమిషం.

“సున్నా!” అని అరిచాను. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఒక అంకెని అరిచి చెప్పడం అదే మొదటిసారి. లాండ్రీ ఆయన ఈలవేశాడు. అక్కయ్య రిజిస్టరు నా చేతిలోంచి లాక్కుని, తడిచేత్తోనే పెన్ను పట్టుకుని, ముప్పయ్యో వరసలో తనే సున్నా వేసింది. సిరా పారింది. నా సున్నాలన్నింటికంటే అదే పెద్దది.

“అంటే నేను ఖాళీ బుట్టతో వెళ్ళాలా?” అన్నాడు మిల్లు ఆయన.

బుట్ట ఖాళీగా లేదు. మెట్ల పక్కన, బుట్టలో పరిచిన గోనె మీద, గొడుగు చప్పుడుకి ఇటు పారిపోయి వచ్చిన ఒంటిచెవి సగం మూత కింద ముడుచుకుని పడుకునుంది. వాన తగలని చోటు దొరికిందన్న తృప్తి దాని మొహంలో కనిపిస్తోంది.

“ఇదైతే ఎలకల్ని పడుతుంది,” అంది అక్కయ్య. “నెలరోజుల్లో మూడు తెచ్చి నా మంచం కింద పెట్టింది. తీసుకెళ్ళు. కానీ మిల్లులో ఎలకలున్నాయి కదా అని ఊరుకోకు. వేళకి తిండి పెట్టు. వెడల్పు పళ్ళెంలో పెట్టు. ఇంకోటి.” మూత వెయ్యబోతున్న ఆయన చేతిమీద చెయ్యి వేసి ఆపింది. “తినేటప్పుడు దాని మొహంలోకి చూడకు.”

ఎనిమిదింటికి వాన వెలిసింది. కొత్త తాడుకి గుచ్చి నీలం గుడ్డ జాలీకి కట్టి, సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను. మెట్లు దిగి వెనక్కి చూశాను. మేనేజరు గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. దాని వెనకాల అక్కయ్య, తడిసిన జుట్టు తువ్వాలుతో తుడుచుకుంటూ నిలబడి ఉంది. చాలాకాలం తరవాత గుమ్మంలో ఇద్దరున్నారు.

కేంద్రంలో వర్షమాపకం మూత తీసి, నీళ్ళు కొలపాత్రలోకి వంచి, బల్లమీద పెట్టాను. బెలూన్ మాస్టారు దూరం నించి చూస్తున్నాడు. మోకాళ్ళు వంచి, కన్ను నీటిమట్టానికి దించి చదివాను. ఇరవై మూడు పాయింట్ రెండు. విశేషాల గడిలో ఏమీ లేకపోతే ఖాళీగా వదలాలని నియమం. ఆ రోజు మాత్రం వదలలేదు. ‘ఇంట్లో అందరూ క్షేమం’ అని రాసి సంతకం పెట్టాను.